మా ఆమె కాలు పట్టిన కథ

శ్రీశైలం నడిచిపోయే కన్నడ భక్తుల్లో నా చేయి పడని పిక్క లేదు. ఉగాదికి ముందు మా ఆలూరు పక్క జనం ఏరులాగా పోతుంటారు. ఆ ఏరు మా అరుగు దగ్గర ఒకసారి ఆగి, నా చేత కాళ్ళు పట్టించుకొని, మళ్ళీ పారుతుంది. ఒక ఏడు, మనిషెత్తు కట్టెకాళ్ళు కట్టుకొని నడిచే ఒకాయనను నలుగురు మంచం మీద మోసుకొచ్చి నా ముందర దించారు. రెండు పిక్కలూ రాళ్ళయిపోయి ఉన్నాయి. ఆముదం వేడిచేసి చేతికి రాసుకొని కింది నుంచి పైకి ఒక్క తీత తీశాను. ఆయన లేచి, కట్టెలు కట్టుకొని, మంచం మోసినవాళ్ళకంటే ముందే ఎమ్మిగనూరు చేరాడు.

ఇంతవరకు చదివి మా ఊరివాళ్ళు ముసిముసిగా నవ్వుతుంటారు కాబట్టి, వాళ్ళు నోరు తెరిచేలోగా నేనే సరిచేస్తాను. ఏరంతా నా అరుగు దగ్గర ఆగదు. మజ్జిగ కోసం కొందరు ఆగుతారు, నీడ కోసం కొందరు ఆగుతారు, ఆగినవాళ్ళలో కాళ్ళు చాపినవాళ్ళు నాకు దొరుకుతారు. కట్టెకాళ్ళాయన మంచం మీద రాలేదు. కట్టెల మీద నడిచే వచ్చాడు, మజ్జిగ తాగడానికి దిగాడు, దిగేటప్పుడు పిక్క ఎక్కింది. ఎమ్మిగనూరు ఎప్పుడు చేరాడో ఆ శ్రీశైలం మల్లయ్యకే తెలియాలి. కానీ పట్టింది నేనే. పోయేముందు నా నెత్తిన చేయి పెట్టి "చలో ఆతు యజమాన్రే" అన్నాడు, బాగైంది అని. ఆ మాట మాత్రం నూలుపోగంత కూడా సాగదీయలేదు.

ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నావని అడిగినవాళ్ళకు, బనగానపల్లెకు మామిడిపండ్ల కోసం వచ్చిన ఒక మలయాళ వైద్యుడు చెవిలో చెప్పిపోయాడని చెప్పేవాణ్ణి. కొందరు నమ్మారు కూడా. నిజానికి నాకు చెప్పింది గంజి తొట్టి. మాది నేత ఇల్లు. పడుగు పోసేముందు నూలుకు గంజి పట్టించాలి. చిలపను, అంటే నూలు కట్టను, గంజిలో ముంచి, తీసి, అరచేత్తో ఒత్తుతూ, తిప్పుతూ, మళ్ళీ ముంచుతూ పోవాలి. తొందరపడి మెలిపెట్టి పిండితే పోగు తెగుతుంది. ఓపికగా ఒత్తితే గంజి తనంతట తానే లోపలికి దిగుతుంది. చిన్నప్పటి నుంచి ఆ పని చేసిన చేతికి మనిషి పిక్క దొరికితే, అది కూడా ఒక చిలపే అనిపిస్తుంది.

అయితే చిలప తన్నదు, పిక్క తంతుంది. మొదట్లో ఒక గొర్రెలాయన పిక్క పట్టి నేల మీద దొర్లుతుంటే, నేను నేరుగా పోయి ముడి మీద బొటనవేలు పెట్టి బలంగా నొక్కాను. ఆయన కాలు లేచిన ఊపుకు నేను మజ్జిగ కుండలో కూర్చున్నాను. అప్పటి నుంచి ముడి జోలికి ముందే పోను. కాలు చాపించి, మడమ ఒక చేత పట్టుకొని, కాలివేళ్ళను మెల్లగా మోకాలి వైపు వంచి పట్టుకుంటాను. లోపల బిగుసుకున్నది కొంచెం కొంచెంగా వదులుతుంది. వదిలాక అరచేయి వేడిగా రుద్దుకొని, ఊరికే పిక్క మీద ఆనిస్తాను. ఆ తర్వాతే నూనె, ఆ తర్వాతే చీలమండ నుంచి పైకి ఒత్తడం. ఇంతకుమించి నా దగ్గర మంత్రం ఏమీ లేదు.

ఇన్ని కాళ్ళు పట్టిన నేను, మా ఇంట్లో ఉన్న రెండు కాళ్ళు మాత్రం పట్టలేకపోయాను.

మా ఆమె నాకంటే మంచి నేతకత్తె. గుంత మగ్గంలో కాళ్ళు దించి కూర్చుందంటే, తొక్కుడు చెక్కల చప్పుడు వీధి చివరి దాకా ఒకే లెక్కన వినబడేది. ఏండ్ల తరబడి తొక్కిన ఆ పిక్కలు ఇప్పుడు ఆమె మీద కక్ష తీర్చుకుంటున్నాయి. కోడి కూసే వేళకు పట్టేస్తాయి. ఆమె అరవదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకొని, మంచం దిగి, చల్లటి కడప బండ మీద మడమ ఆనించి, గోడ పట్టుకొని నిలబడుతుంది. నేను నిద్రపోతున్నట్టు నటిస్తాను. ఎందుకంటే నేను కదిలితే ఆమెకు నొప్పి లేనట్టు నటించాల్సి వస్తుంది, అది ఇంకా కష్టం.

ఒకసారి ఉండబట్టలేక లేచి కూర్చున్నాను. "రా, ఒక్క గడియ పడతా."

"మొగుని చేత కాళ్ళు పట్టించుకొన్న ఆడదాన్ని యాడన్నా చూసినావా?" అంది. "సచ్చినాక నన్ను నిలబెట్టి అడిగితే ఏం చెప్పేది?"

"నన్ను సాక్షిగా పిలువు."

"నువ్వు సాక్ష్యం చెప్తే ఉన్న పుణ్యం గూడ పోతాది. గమ్మున పండుకో."

కోడలు ఊరికి వచ్చినప్పుడు కోడలి చేత పట్టించుకునేది. కోడలు లేనప్పుడు ఆ బండే దిక్కు.

అలాంటి మనిషి, ఈ ఏడు శివరాత్రి పోయిన తర్వాత ఒక మధ్యాహ్నం, మగ్గం మీద నుంచి చీర కోసి, మడిచి, ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. పసుపు చీర, ఎర్రంచు. ఇది ఎవరికని అడిగాను, ఎవరూ నేయమని చెప్పిపెట్టినట్టు నాకు గుర్తులేదు.

"భ్రమరాంబమ్మకు. నడిచిపోయి పెట్టాల."

కన్నడ జనానికి శ్రీశైలం అమ్మవారు తమ ఇంటి ఆడబిడ్డ. మల్లయ్య అల్లుడు. అందుకే వాళ్ళు పండగకు బిడ్డ ఇంటికి పోయినట్టు చీరా, పసుపూ, కుంకుమా మూట కట్టుకొని నడిచిపోతారు. మా ఆమె ఇన్నేళ్ళూ వాళ్ళకు మజ్జిగ పోస్తూ ఆ మూటలనే చూసింది కాబోలు. మూటలో చీరలు చూసి, ఇది మిల్లు చీర, ఇది చేనేత అని మనసులో అనుకునేదని నాకు ఇప్పుడు అర్థమవుతుంది.

కడపలో ఉండే కోడలు ఫోన్లో గోల పెట్టింది. "అత్తా, ఆ ఎండలో యాడ నడుస్తావు? కారు మాట్లాడతా, పొద్దున పోయి సాయంత్రానికి రావచ్చు."

"ఆడబిడ్డకు పెట్టే చీరను కారులో పంపిస్తారామ్మా ఎవురన్నా? ఇంగ రెండేండ్లు పోతే నా కాళ్ళు గుంతలోంచే లేయవు. ఈ తూరి పోనీ."

పోనిచ్చాం. కానీ ఆమె తనకు తానే ఒక షరతు పెట్టుకుంది. దావలో కాలు గట్టిగా పట్టిందంటే మారు మాట లేకుండా బస్సెక్కి ఇంటికి వచ్చేస్తుంది. చీర మాత్రం తోడు వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపిస్తుంది. తన వల్ల ఒక్కరు కూడా ఆగకూడదు. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె చీరనే చూస్తోంది. తన చేత్తో తాను పెట్టాలన్న ఆశ ఆ చూపులో ఎంత ఉందో చూసి, నేను నా గుడ్డ సంచిలో మొదట ఆముదం సీసా పెట్టుకొని, ఆ తర్వాత పంచె పెట్టుకున్నాను.

రాయచూరు పక్క నుంచి వచ్చే ఒక గుంపుతో కలిశాం. ఆ గుంపుకు పెద్ద ఒక అవ్వ. ఏటా మా అరుగు మీద కూర్చొని మజ్జిగ తాగి, మా ఆమెను "తంగీ" అని పిలుస్తుంది, చెల్లెలా అని. తెలుగు, కన్నడం రెండూ ఒకే కుండలో వండినట్టు మాట్లాడుతుంది. ఎనభై ఏళ్ళదని అనబోయాను గానీ, అడగలేదు కాబట్టి వదిలేస్తున్నాను. ముసలిదే, కానీ నడకలో మాకంటే చిన్నది.

పొద్దున్నే నడిచేవాళ్ళం, ఎండ ముదిరితే నీడకు చేరేవాళ్ళం, పొద్దు వాలినాక మళ్ళీ నడక. ఎమ్మిగనూరు, కోడుమూరు, కర్నూలు. దావ పొడుగునా జనం కర్బూజా ముక్కలు చేతిలో పెట్టేవాళ్ళు, వేడినీళ్ళు కాళ్ళ మీద పోసేవాళ్ళు. మా ఆమె ఒక్కరోజు కూడా కాలు మాట ఎత్తలేదు. నేనే వెనక నడుస్తూ ఆమె మడమలు చూసేవాణ్ణి. అడుగు సమంగా పడుతుంటే ఊపిరి తీసుకునేవాణ్ణి, కొంచెం ఈడిస్తే సీసా తడుముకునేవాణ్ణి. ఆమె వెనక్కి తిరిగి, "దేవుని చూడనీకి వచ్చినావా, నా కాళ్ళు చూడనీకి వచ్చినావా?" అనేది.

ఆత్మకూరు దాటి వెంకటాపురం చేరాం. అక్కడి నుంచి అడవి. బస్సులు అంతవరకే, ఆ తర్వాత నడిచినవాడిదే దావ. వేపచెట్ల కింద అన్నదానం జరుగుతోంది. మా ఆమె విస్తరి ముందర బాసిపట్లు వేసుకొని తిని, లేవబోయి, మళ్ళీ కూర్చుంది. విస్తరి చేతిలో నుంచి జారింది. కొంగు నోటికి పోయింది. నాకు అర్థమైంది.

ఆమె రోడ్డు వైపు చూసింది. అక్కడ ఆత్మకూరు పోయే బస్సు నిలబడి ఉంది, డ్రైవరు టీ తాగుతున్నాడు.

ఏమీ జరగనట్టు మూట విప్పి, చీర తీసి, పక్కన కూర్చున్న అవ్వ ఒళ్ళో పెట్టింది. "అవ్వా, ఇది నువ్వే అమ్మకు ఇయ్యి. నేను ఇంటికి పోతాండా."

కాలు పట్టిన సంగతి చెప్పలేదు. చెబితే వాళ్ళు ఆగుతారు. అవ్వ చీరనూ, ఆమె మొహాన్నీ మార్చి మార్చి చూసింది.

నేను సంచి కింద పడేసి ఆమె ముందర మోకాళ్ళ మీద కూర్చున్నాను. "కాలు చాపు."

"లే. అందరూ చూస్తాండారు."

"చూడనీ. చాపు."

"లేయప్పా సామీ, నీకు దండం పెడతా. బస్సు పోతాది."

నాకు కోపమో దుఃఖమో వచ్చి గొంతు పెద్దదైంది. "పోనీ ఆ బస్సు! నీ కాళ్ళు పడతా అంటాండా. ఇంతమంది ముందర చెప్తాండా, నీ కాళ్ళు పడతా!"

మన భాషలో పట్టడం అనే మాట ఎన్ని వేషాలు వేస్తుందో ఆ రోజు తెలిసింది. కాలు పడుతుంది. పట్టిన కాలును ఇంకొకరు పడతారు. తప్పు చేసినవాడూ కాళ్ళే పట్టుకుంటాడు. ఒక ముసలామె మొగుణ్ణి వదిలి ఇంటికి పోతానంటోంది, ఆ ముసలాయన మోకాళ్ళ మీద కూర్చొని కాళ్ళు పడతానని అరుస్తున్నాడు. చూసేవాళ్ళకు ఇంకేం కావాలి? తింటున్న చేతులు విస్తళ్ళ మీదనే ఆగిపోయాయి.

అవ్వ నా భుజం మీద చేయి వేసింది. "ఏనప్పా, ఏం తప్పు చేసినావు? హెండ్తి కాలు, పెండ్లాం కాలు పట్టుకొనేంత పని ఏం చేసినావు?"

"తప్పు గాదవ్వా..." అన్నాను.

"అందరూ అదే అంటారు," అంది వెనక నుంచి ఒకామె.

"తాగుతాడేమో," అన్నాడు వడ్డించేవాడు, గరిటె చేతిలోనే పట్టుకొని.

"ఈ వయసులో యాడ తాగుతాడు, పేకాట అయ్యుంటాది."

"మనిషిని చూస్తే అట్ల లేడు గానీ, ఇంగో సంసారం గిట్ల..."

ఆ చివరి మాటకు మా ఆమె నొప్పి కూడా మరిచిపోయి తల ఎత్తింది. "ఎవురమ్మా ఆ మాట అన్నది? తాగడు, ఆడడు, ఆయన మొగానికి ఇంగో సంసారం గూడనా? అబద్ధాలు చెప్తాడు, అంతే. అది తప్ప ఇంగే రోగమూ లేదు ఆయనకు."

చెట్ల కింద నవ్వు పుట్టి, ఒక పంక్తి నుంచి ఇంకో పంక్తికి పాకింది. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ "అబ్బా" అని పిక్క పట్టుకుంది. అప్పుడు అవ్వ కన్ను దాని మీద పడింది.

"అయ్యో తంగీ! కాలు హిడ్కొండైతా, పట్టేసిందా? మొదలే చెప్పకూడదా?" అని చేయి చాపింది.

మా ఆమె రెండు చేతులూ జోడించింది. "వద్దవ్వా. మల్లయ్య దగ్గరికి పోతాండేదానివి, నువ్వు నా కాలు ముట్టుకోకూడదు."

"ఆయన?"

"ఆయన అసలే వద్దు. పాపం తగులుతాది నాకు."

అవ్వ నడుము మీద చేయి పెట్టుకుంది. పంచాయితీలో తీర్పు చెప్పినట్టు, అందరికీ వినబడేలా అంది: "ఇది శ్రీశైలం దావ. ఈ దావలో నడిచే కాళ్ళన్నీ మల్లయ్యవే. ఆయన పట్టేది మల్లయ్య కాలు. ఆయనకూ దేవునికీ నడుమ నీదేముందే పెత్తనం?"

ఇన్నేళ్ళ సంసారంలో మా ఆమె నోరు మూయించిన మనిషిని నేను చూడటం అదే మొదలు. కొంగు మొహం మీదికి లాక్కొని, కాలు నా వైపు చాపింది. "బిరీన కానీ," అంది కొంగు లోపల నుంచి.

నేను ఆ పాదాన్ని అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. పెండ్లిలో మెట్టెలు తొడిగినప్పుడు చూశానేమో, అప్పుడు నా కళ్ళు ఎక్కడ నిలిచాయి గనక. మెట్టెలు అరిగి తీగల్లాగా ఉన్నాయి. తొక్కుడు చెక్క ఆనే చోట అరికాలు మీద ఒక కాయ, గట్టిగా, చింతగింజ లాగా. మడమ మీద పగుళ్ళలో ఆలూరి నుంచి వెంకటాపురం దాకా ఉన్న మన్నంతా రంగు రంగులుగా కూర్చొని ఉంది, నల్లరేగడి మీద ఎర్రమన్ను. మడమ ఒక చేత పట్టుకొని, వేళ్ళను మెల్లగా వంచాను. పిక్క నా చేతి కింద బండలాగా ఉంది. అది వదిలేదాకా అలాగే పట్టుకున్నాను. వదిలింది. అరచేయి ఆనించాను. నూనె రాసి కింది నుంచి పైకి, గంజి దిగే ఓపికతో, ఒత్తుకుంటూ పోయాను. కట్టెకాళ్ళాయనను పట్టిన చేతులు, గొర్రెలాయన తన్ను తిన్న చేతులు, ఒక్క క్షణం కూడా వణకలేదు. కళ్ళలో కొంచెం నీళ్ళు వచ్చిన మాట నిజమే, అది వంటపొయ్యి పొగ.

కొంచెం సేపటికి ఆమె కొంగు తీసి, "తగ్గింది," అంది. నా నూనె చేతులను పట్టుకొని కళ్ళకు అద్దుకుంది, తన కాలు ముట్టిన పాపం పోవడానికి. నేను ఆ చేతులను లుంగీకి తుడుచుకోకుండా చాలాసేపు అలాగే ఉంచుకున్నాను.

బస్సు హారన్ కొట్టి కదిలిపోయింది. అవ్వ చీరను మడత చెదరకుండా తిరిగి ఆమె మూటలో పెట్టింది. "నీ ఆడబిడ్డకు నువ్వే పెట్టుకో తల్లీ. నాకు నా మూటే బరువు."

ఆ తర్వాత మా ఆమె అడవిలో లేడిలాగా నడిచింది. నాగలూటి మెట్లు, పెచ్చెరువు, భీముని కొలను లోయ దిగి మళ్ళీ ఎక్కడం, అన్నింట్లో నేను ముందర నడుస్తూ ఆమెకు చేయి అందించాను. సరే, ముందర నడిచింది ఆమె. చేయి అందించింది కూడా ఆమే. కైలాసద్వారం మెట్ల దగ్గర నేను కూర్చుండిపోతే, అవ్వ తన చేతికర్ర నాకు ఇచ్చి, "పట్టుకో యజమానా, ఇదైనా సరిగ్గా పట్టుకో" అంది.

గుడిలో తోపులాట. అమ్మవారి ముందర నిలబడింది కన్ను మూసి తెరిచేంత సేపే. కానీ ఆ లోగానే మా ఆమె రెండు చేతులా చీర ఎత్తి పట్టింది, పూజారి అందుకున్నాడు, పసుపు ఒక క్షణం దీపం వెలుగులో మెరిసింది. బయటికి వచ్చాక ఆమె ఖాళీ చేతులను ఒకటికి రెండుసార్లు తిప్పి చూసుకుంది. నేను పక్కన నడుస్తూ, ఇదంతా నా చేతి గుణం కదా అని లోపల్లోపల మురిసిపోయాను.

నిన్న ఇదంతా రాసి, మగ్గం దగ్గర కూర్చొని ఆమెకు చదివి వినిపించాను. నేత ఆపకుండానే వింది. కట్టెకాళ్ళాయన దగ్గర ముక్కుతో నవ్వింది. ఇంకో సంసారం దగ్గర "ఇది ఎందుకు రాసినావు" అంది. చివరికి వచ్చేసరికి చెక్కల చప్పుడు ఆగింది.

"అంతా బాగుండాది గానీ, ఒక్క అబద్ధం ఉండిపాయ."

"ఏది? గొప్పలన్నీ నేనే ఒప్పుకొంటి గదా."

"నువ్వు పడితే తగ్గిందని రాసినావే, అది. యాడ తగ్గింది? ముడి ఒక పక్క ఉంటే నువ్వు ఇంగో పక్క పిసుకుతాంటివి. చేతులు గడగడ వణుకుతాండె. కండ్లలో నీళ్ళు కారుతాండె. పొయ్యి యాడుండె ఆడ? అంతమంది నడుమ నువ్వు ఏడుస్తాంటే చూడలేక తగ్గిందంటి. కాలు శ్రీశైలం దాకా నొస్తానే ఉండె. నీ కోసరం నడిచినా, రాసుకో."